తోక గొట్టంలో నాలుగో దెబ్బ

వైశాఖ శుద్ధ దశమి

విమానం తోక గొట్టానికి అడుగు రివిట్ల వరస మొదలైంది. తెల్లవారుతుండగా మొదలుపెట్టి, రేకు మీద అరచెయ్యి ఆన్చలేనంత వేడెక్కేదాకా కొట్టాం. ఆ తర్వాత పని సాగదు. ఎండకు రేకు పెరుగుతుంది. పైరేకు రంధ్రాలు, కింది బద్ద రంధ్రాలు ఒకదానికొకటి కుదరవు.

లంక సభ చెప్పినట్టు ఏ రోజు పని ఆ రోజు ఇందులో రాస్తున్నాను. ఈ విమానం పడిపోతే రెండోది కట్టేవాళ్ళకు తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలి. సభలో ఈ మాట అన్నది దీన్ని నడపబోయే బాజీయే. ఎవరూ నవ్వలేదు. బాజీ నా అల్లుడు.

రేకంతా మోతపక్షులది. మనిషి లేకుండా అవతలి ఒడ్డున ఉన్న గట్టూరు నుంచి ఎగిరొచ్చి బియ్యం, మందులు దించి పోయే యంత్రాలు అవి. ఆరు మా లంక మీదే కూలాయి. తర్వాత మిగిలినవి రావడం మానేశాయి. కూలినవాటి రేకు, మోటార్లు, బ్యాటరీలు, మరమ్మతు పెట్టెల్లో ఉన్న రివిట్లు మాకు దక్కాయి.

రివిట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట నేను గాలితో కొట్టే రివిట్ గన్ పట్టుకుంటాను. లోపల ఒకరు రివిట్ కాలుకు ఇనుప దిమ్మ ఆన్చి పట్టుకోవాలి. గన్ దెబ్బకు కాలు దిమ్మ మీద నలిగి బొత్తాంలా పరుచుకుంటుంది. ఆ బొత్తాం తిన్నగా వచ్చిందా, పక్కకు వాలిందా అన్నది లోపలివాళ్ళకే కనిపిస్తుంది. గన్ మోతలో, గాలి యంత్రం మోతలో మాట వినపడదు. చెవుల్లో దూది ఉంటుంది. అందుకని లోపలివాళ్ళు దిమ్మతో రేకు మీద కొట్టి చెబుతారు. ఒక దెబ్బ అంటే ఇంకొంచెం కొట్టు. రెండు అంటే బాగుంది, ముందుకు పో. మూడు అంటే చెడింది, తీసెయ్యి. బస్సు బాడీలు కట్టే షెడ్డులో నేను నేర్చుకున్న సంకేతాలే ఇవి. బస్సుకు రివిట్ ఊడితే కిటికీ గలగలమంటుంది, అంతే.

ఇన్నాళ్ళూ లోపల దిమ్మ పట్టింది నా కూతురు సువార్త. గొట్టం చివర మనిషి భుజాలంత వెడల్పు కూడా ఉండదు. లంకలో అక్కడిదాకా దూరగలిగేది తనొక్కతేననుకున్నాం. ఇవాళ సగంలో ఇరుక్కుంది. గొట్టంలోంచి కేక వస్తే గన్ ఆపి, బాజీ ఒక కాలు, నేను ఒక కాలు పట్టుకుని మెల్లగా లాగాం.

"లోపల ఇద్దరు పట్టరని చెప్పానా లేదా?" అన్నాడు బాజీ.

"నేను తిన్నగానే పడుకున్నా. లోపలోడే అడ్డం తిరిగాడు," అంది సువార్త, మోచేతుల మీది రేకు పొడి దులుపుకుంటూ. "మీ వంశమేగా."

తనకు ఎనిమిదో నెల. ఇక లోపలికి పంపకూడదని అనుకున్నాం. నిజానికి ఈ మాట నెల కిందటే అనుకోవాల్సింది.

శుద్ధ ద్వాదశి

పని లేదు. దిమ్మ పట్టే మనిషి లేరు.

నర్సు ఫాతిమా వచ్చి సువార్తకు బీపీ చూసింది. రెండో చేతికి కూడా పట్టీ కట్టి మళ్ళీ చూసింది. ఆ తర్వాత నన్ను బయటికి పిలిచింది.

"నీళ్ళలో ఉప్పే అన్నా. ఈ నీళ్ళు తాగే కడుపుతో ఉన్నవాళ్ళందరికీ ఇదే. ఈ పిల్లకి మరీ ఎక్కువగా ఉంది. నా దగ్గరున్న బిళ్ళలకి దిగట్లేదు."

"ఎన్నాళ్ళు ఆగొచ్చు?"

"అమావాస్య దాటనివ్వొద్దు. ఫిట్స్ వస్తే నా చేతుల్లో ఏమీ లేదు."

సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రంలో వడపోత పొర అరిగిపోయింది. కొత్త పొర గట్టూరులో ఉంటుంది. మేం కూరల్లో ఉప్పు వెయ్యడం మానేసి ఏడాది అవుతోంది. అయినా ఉప్పగానే ఉంటాయి.

సాయంత్రం పూట అటు చూస్తే గట్టూరు ఆసుపత్రి దీపాలు కనిపిస్తాయి. పన్నెండు కిలోమీటర్లు. మధ్యలో కట్టునాచు. అలల కోతను ఆపడానికి ప్రయోగశాలలో పుట్టించి చల్లిన నాచు అది. కోత ఆగింది, పడవలూ ఆగాయి. తెడ్డు వేస్తే తెడ్డును చుట్టుకుంటుంది, కాలు వేస్తే కాలును మింగుతుంది. నిరుడు పాదాలకు చెక్కలు కట్టుకుని దాటబోయిన ఇద్దరిలో ఒకరే వెనక్కి వచ్చారు. రేడియో ఉప్పుగాలికి పోయింది. పోయే ముందు అవతలి నుంచి వచ్చిన చివరి మాట: "మీరు రాగలిగితే చూస్తాం."

రాత్రి భోజనం బాజీ ఇంట్లో. వాళ్ళమ్మ సామ్రాజ్యమ్మ జొన్నరొట్టెలు చేసింది. నా కంచంలో మూడు వేసి, నాలుగోదాని అంచు నుంచి గోరంత ముక్క తుంచి పక్కన పెట్టింది.

"మా అమ్మ మూడు పెట్టదు మామా," అన్నాడు బాజీ. "తుపానప్పుడు ఇంట్లో ఉన్నవే మూడు రొట్టెలు. అప్పుడు కూడా అందులోంచే ఓ ముక్క తుంచి నాలుగు చేసింది."

"మూడు పెడితే శత్రువుకి పెట్టినట్టు," అంది సామ్రాజ్యమ్మ. "నువ్వు తిను."

తినడం అయ్యాక చేతులు తుడుచుకుంటూ ఆమే అడిగింది: "ఆ గొట్టంలోకి నేను దూరతానా అన్నయ్యగారూ?"

ఆమెకు అరవై దాటాయి. మనిషి పొడుగు, కానీ పీచు. భుజాలు చూశాను. దూరుతుంది.

శుద్ధ చతుర్దశి

సామ్రాజ్యమ్మ దిమ్మ పట్టింది. చీర మార్చి బాజీ పాత ప్యాంటు వేసుకుంది. గాజులు తీసి సువార్తకు ఇచ్చింది. వెల్లకిలా పడుకుని, తల ముందు పెట్టి, మడమలతో నెట్టుకుంటూ లోపలికి వెళ్ళింది.

పాత రివిట్ల మీద సంకేతాలు ముందే నేర్పాను. ఒకటి, రెండు, మూడు. ఆమె తల ఊపింది. చెడిన రివిట్ ఎలా ఉంటుందో చూపించాను. వాలింది ఒకటి, పగిలింది ఒకటి. వేలితో తడిమి, "ఇది మొక్కజొన్న గింజలా ఉంది, అది పుచ్చు పన్నులా ఉంది," అంది. అర్థమైందనుకున్నాను.

పని బాగా నడిచింది. రెండు దెబ్బలు వినపడతాయి, నేను ముందుకు పోతాను. ఒక్కోసారి రెండూ రెండూ వెంటవెంటనే కొట్టింది. కొత్త కదా, గట్టి చేసుకుంటోందనుకున్నాను. సువార్త ఉన్నప్పుడు పూటకు అయిదారన్నా తీసేసి మళ్ళీ కొట్టేవాళ్ళం. ఇవాళ ఒక్కటీ తియ్యలేదు. ఈవిడ చెయ్యి మంచిదని బాజీతో అన్నాను.

బహుళ విదియ

అడుగు వరసలు, పక్క వరసలు అయ్యాయి. తోక గొట్టాన్ని మనుషులు కూర్చునే ముందు భాగానికి కలిపేశాం. ఇక గొట్టంలోకి దారి వెనక సీటు దగ్గరి తలుపొకటే.

సువార్త నీడలో ముక్కాలి పీట మీద కూర్చుని రివిట్లను పొడుగును బట్టి వేరు చేస్తోంది. పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంది. ఆ గుంట పూడే లోపు గుప్పెడు రివిట్లు వేరు చేస్తుంది. తలనొప్పి అంటోంది. ఎండవల్లేనేమో అంటోంది. ఫాతిమా మళ్ళీ బీపీ పట్టీ తీసింది.

ఒక సీటు బాజీకి, ఒకటి సువార్తకు. ఇంకొకరి బరువును మోటార్లు లేపవు. గాలి తగ్గాలని ముగ్గురం ఆకాశం చూస్తున్నాం. మిగిలింది మోటార్లు తిప్పి చూడడమే.

బహుళ చవితి

కాలవ కట్ట రోడ్డు మీద విమానాన్ని నిలబెట్టి, తోకను తాళ్ళతో మేకులకు కట్టి, రెండు మోటార్లూ పూర్తి జోరున తిప్పాం. తోక వణికింది. వణకాలి కూడా. ఆపేశాక చుట్టూ తిరిగి చూశాం. నాకేమీ కనిపించలేదు.

పీట మీద కూర్చున్న సువార్తకు కనిపించింది. తన కళ్ళు తోక అడుగు వరస ఎత్తులో ఉన్నాయి.

"నాన్నా, ఇదేంటి? తోక కాటుక పెట్టుకుంది."

వంగి చూశాను. రివిట్ల తలల వెనక సన్నటి నల్ల చారలు. రివిట్ బిగువుగా ఉంటే చార పడదు. వదులుగా ఉంటే వణికి, రేకును రాసి, ఆ పొడి గాలి పోయిన వైపు చారగా అంటుతుంది. వేలితో ఒకదాన్ని తోశాను. తిరిగింది.

బాజీ తలుపులోంచి అద్దం, దీపం పెట్టి చూశాడు. బయటికి వచ్చి అద్దం నా చేతికిచ్చాడు. లోపల బొత్తాలు కొన్ని పక్కకు వాలి ఉన్నాయి. కొన్ని అసలు పరుచుకోనే లేదు. మోటార్లు ఇంకాసేపు తిరిగితే ఆ వరస ఊడిపోయేది. తోక లేకుండా విమానం ఎగరదు, ముక్కు కిందికి పెట్టి పడుతుంది.

సామ్రాజ్యమ్మను పిలిచి చూపించాను.

"చెడ్డాయని నాకు చెప్పలేదేమ్మా?"

"చెప్పకపోవడమేంది అన్నయ్యగారూ?" ఆమెకు కోపం వచ్చింది. "చెడ్డ ప్రతిదానికీ చెప్పా. మీరే ఆగకుండా పోయారు. పని తెలిసినోళ్ళు, ఆ మాత్రం వంకర పర్లేదేమోలే అని ఊరుకున్నా."

"ఎలా చెప్పారు? ఒకసారి కొట్టి చూపించండి."

దిమ్మ అందుకుని రేకు మీద కొట్టింది. ఠక్, ఠక్, ఠక్. వెంటనే, చిన్నగా, ఇంకొకటి.

"ఆ చివరిదేంటి?"

"ఏ చివరిది?"

"నాలుగోది."

"అది లెక్కలోది కాదుగా," అంది. "మూడు కొట్టి చెయ్యి తీసేస్తామా? కడుపుతో ఉన్న పిల్ల ఎక్కేదానికి!"

చెవుల్లో దూదితో, గాలి యంత్రం మోతలో, నాకు మూడూ ఒకటీ వినపడలేదు. రెండూ రెండూ వినపడ్డాయి. బాగుంది, బాగుంది. నేను ముందుకు పోయాను.

బాజీ నవ్వబోయి సగంలో ఆపేశాడు. సామ్రాజ్యమ్మ తన చేతిలోని దిమ్మ వైపు చూసింది. తర్వాత సువార్త వైపు చూసింది. దిమ్మను కింద పడెయ్యలేదు, మెల్లగా పెట్టింది.

రెండోది కట్టేవాళ్ళకు: సంకేతాలు నేర్పే ముందు, లోపలికి వెళ్ళే మనిషి ఇంట్లో ఒక పూట భోజనం చెయ్యండి. నేను చేశాను. అయినా నాకు తట్టలేదు.

బహుళ పంచమి

పొద్దున్నే నలుగురం విమానం నీడలో కూర్చున్నాం. ఏవి చెడ్డవో ఆమెకు గుర్తు లేదు. ఉండదు కూడా. అద్దంలో అన్నీ కనపడవు. ఆమె దిమ్మ పట్టిన వరసలన్నీ విప్పాలి.

"పది నిమిషాల ప్రయాణం మామా," అన్నాడు బాజీ. "కాటుక పడినవాటిని మార్చేద్దాం. మిగతావి పట్టుకుంటాయి. ఇక్కడ కూర్చుంటే మటుకు ఏం బాగుంది? రాత్రి దీనికి కళ్ళ ముందు మిణుగురులు కనపడ్డాయంట."

అతను చెప్పింది అబద్ధం కాదు. ఆగితే ప్రమాదం, పోతే ప్రమాదం. ఏది పెద్దదో కొలిచే పరికరం మా దగ్గర లేదు. చారలు పడని రివిట్లలో ఎన్ని వదులో మాత్రం ఎవరికీ తెలియదు. నేను ఆ మాటే అన్నాను.

"ఎన్ని రోజులు పడుద్ది నాన్నా?" అంది సువార్త.

"మూడు."

"మూడున్నర అనండి," అంది సామ్రాజ్యమ్మ.

సువార్త నవ్వింది. తల పట్టుకుని నవ్వింది. "సరే, మూడున్నర ఆగుతా. ఊడిపోయే తోకతో పోను. వీడిని మోసుకుని నాచులో పడడానికా ఇన్నాళ్ళు ఆ గొట్టంలో పాకింది?"

బాజీ లేచి డ్రిల్లు తెచ్చాడు.

ఇంకో సంగతి. డ్రిల్లుతో రివిట్ తీస్తే రంధ్రం కొంచెం పెరుగుతుంది. పాత సైజు అందులో నిలవదు. లావు సైజు రివిట్లు ఒక్క డబ్బాడు ఉన్నాయి, రెండో విమానం రెక్కలకని దాచినవి. సభను అడిగాను. వాడుకోమన్నారు. కాబట్టి ఇప్పట్లో రెండోది లేదు. అయినా రాస్తున్నాను. అలవాటైంది.

బహుళ సప్తమి

నిన్నంతా, ఇవాళ సగం డ్రిల్లు పని. రివిట్ తల మధ్యలో డ్రిల్లు పెట్టి, తల లేవగానే ఆపాలి. ఒక్క పిసరు లోతుకు పోతే రేకు పాడవుతుంది. బాజీ చేతులు దీనికి బాగా కుదిరాయి. నా చేతులు పొద్దెక్కేసరికి పట్టు తప్పుతున్నాయి. వంతులు వేసుకున్నాం.

మధ్యాహ్నం ఎండ దిగాక సామ్రాజ్యమ్మ మళ్ళీ గొట్టంలోకి వెళ్ళింది. ఈసారి వెనక సీటు తలుపులోంచి, మోకాళ్ళు మడిచి, మెలిక తిరిగి వెళ్ళాలి. వెళ్ళే ముందు తలుపు దగ్గర ఆగింది.

"చెడితే మూడే కొట్టాలా అన్నయ్యగారూ?"

కొడతానని ఆమె అన్నా, చీకటి గొట్టంలో ఆ చెయ్యి కొడుతుందన్న నమ్మకం నాకు లేదు. యాభై ఏళ్ళ అలవాటు. దాన్ని నమ్ముకుని రివిట్లు కొట్టలేను.

"వద్దు. చెడితే కొట్టకండి. దిమ్మతో రేకును గీకండి. బర్రుమని."

"అట్టాగే."

దూది తీసేశాను. మొదటి వరసలోనే గీకుడు వినపడింది. రేకు మీదినుంచి నా పళ్ళలోకి వచ్చింది. తీసి మళ్ళీ కొట్టాం. చీకటి పడే లోపు ఇంకో నాలుగు. చెవులు ఇప్పటికీ ఈల వేస్తున్నాయి.

సువార్త ఇవాళ రివిట్లు వేరు చెయ్యలేదు. ఇంట్లో, చీకటి గదిలో, తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని పడుకుంది. రివిట్లు ఫాతిమా వేరు చేసింది.

బహుళ నవమి

చివరి వరస. డబ్బాలో లావు రివిట్లు అడుగంటుతున్నాయి. ఒక్కో గీకుడుకు ఒకటి పోతోంది. గీకుడు వినపడినప్పుడల్లా బాజీ డబ్బాలోకి చూస్తున్నాడు. చూడొద్దన్నాను. చూస్తూనే ఉన్నాడు.

సామ్రాజ్యమ్మను బయటికి తీసేసరికి నడుము నిలబడలేదు. రోడ్డు మీదే పడుకోబెట్టాం. ముఖమంతా లోహపు పొడి. "అయిపోయాయా?" అంది. అయ్యాయన్నాను. డబ్బాలో ఇంకా కొన్ని గలగలమన్నాయి.

మోటార్లు తిప్పాం, మొన్నటి కంటే రెండింతల సేపు. చల్లారాక తెల్ల గుడ్డతో ప్రతి రివిట్ తలా తుడిచాను. సామ్రాజ్యమ్మ పడుకునే ఆ గుడ్డ ఇమ్మంది. అటూ ఇటూ తిప్పి చూసింది. మట్టి తప్ప మరేం లేదు.

సాయంత్రం బాజీ ఒక్కడే ఎక్కి, కట్ట మీద రెండుసార్లు మనిషెత్తు లేచి దిగాడు. రెండోసారి దిగినప్పుడు కాస్త గట్టిగా తగిలింది. తోక తుడిచాను. శుభ్రంగా ఉంది.

బహుళ ఏకాదశి

తెల్లవారుజామున గాలి లేదు. నాచు మీద పొగమంచు కూడా లేదు. సువార్తను మంచం మీద కట్ట దగ్గరికి తెచ్చాం. పెదవులు వాచాయి. బీపీ ఎంతుందని అడిగితే ఫాతిమా అంకె చెప్పలేదు, "పంపించు అన్నా," అంది.

నడుముకు గుడ్డ బిగించి కట్టుకుని సామ్రాజ్యమ్మ వచ్చింది. అక్కడికి చేరాక ఎలా కబురు చెయ్యాలో బాజీ చెప్పాడు.

"చీకటి పడగానే గట్టూరు నీళ్ళ ట్యాంకు ఎక్కుతా. విమానం దీపం విప్పుకుని పోయి అక్కడ వెలిగించి ఆర్పుతా. రెండుసార్లయితే ఇద్దరూ బాగున్నట్టు." ఆగి వాళ్ళమ్మ వైపు చూశాడు. "బాగోకపోతే ఏం చెయ్యనే? దీపాన్ని గీకలేను గదా."

సువార్త సీట్లో కళ్ళు మూసుకునే నవ్వింది.

సామ్రాజ్యమ్మ సీటు దగ్గరికి వెళ్ళింది. సువార్త గాజులు వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు, కూతురి చేతికి తొడిగినట్టు కోడలి చేతికి తొడిగింది.

"మూడే పెట్టుకో," అంది కొడుకుతో. "నాలుగోది మాత్రం వెయ్యకు. మీ మామకి లెక్క తప్పుద్ది."

విమానం కట్ట సగం దాటాక లేచింది. తోక నిలిచే ఉంది. నాచు మీద దాని నీడ చిన్నదవుతూ పోయింది. తర్వాత నీడ కనపడలేదు, చుక్క కనపడింది. తర్వాత అవతలి తాటిచెట్ల వరస మీద చుక్క కూడా లేదు. పొగ లేవలేదు. చప్పుడు ఏమైనా వచ్చినా నా చెవులకు వినపడేది కాదు. ఫాతిమాను అడిగాను. తనకూ వినపడలేదంది.

పగలంతా పని లేదు. గన్ విప్పి నూనె వేశాను. డబ్బాలో మిగిలిన రివిట్లను వేరు చేశాను, వేరు చెయ్యడానికి ఏమీ లేకపోయినా. సామ్రాజ్యమ్మ కట్ట మీదే కూర్చుంది. అన్నం అక్కడికే తెచ్చారు. తినలేదు.

చీకటి పడింది. ఆసుపత్రి దీపాలు ఎప్పటిలాగే వెలిగాయి. ట్యాంకు మీద ఏమీ లేదు. చాలాసేపు లేదు. దీపం విప్పడానికి పట్టే సమయం, ట్యాంకు మెట్లు ఎక్కడానికి పట్టే సమయం లెక్కేస్తూ కూర్చున్నాను. రెండూ అయిపోయాయి.

అప్పుడు వెలిగింది. ఆరింది.

మళ్ళీ వెలిగింది. ఆరింది.

సామ్రాజ్యమ్మ రెండు వేళ్ళు మడిచింది. మూడో వేలును రెండో చేత్తో గట్టిగా పట్టుకుని నిలబెట్టింది. మేం ట్యాంకు వైపే చూశాం. కళ్ళు మూస్తే ఎక్కడ తప్పిపోతుందోనని రెప్ప వెయ్యలేదు. నీళ్ళు కారాయి. ట్యాంకు చీకట్లో కలిసిపోయింది.

"రెండేనా అన్నయ్యగారూ?"

"రెండే."

"మీ చెవుల సంగతి నాకు తెలుసు. కళ్ళు ఎట్టా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయమ్మా."

"అయితే రెండే," అంది.

వేలు మాత్రం వదల్లేదు.